వంగని ట్రే

బ్రిడ్జి ఈసారి కూడా కూర్చోలేదు.

అత్తగారి కింది దవడలో ఒక పన్ను ఊడిపోయింది. దానికి అటూ ఇటూ ఉన్న పళ్ళు రెండిటినీ అరగదీసి, వాటి మీద తొడగడానికి మూడు పళ్ళూ ఒకే ముక్కగా చేయించిన బ్రిడ్జి అది. సగం దాకా దిగి ఆగిపోయింది. కోడలు బొటనవేలితో వెనక నొక్కితే ముందు లేచింది, ముందు నొక్కితే వెనక లేచింది. బయటికి తీసి, ఎక్కడ తగులుతోందో తెలిసేలా లోపల రంగు పూసి మళ్ళీ పెట్టి చూసింది. ఎక్కడో ఒకచోట తగిలిన గుర్తు కాదు, లోపలి గోడల పొడుగునా గుర్తులే.

"ఒకచోట పట్టేస్తే అక్కడ గీకొచ్చు. అంతటా పట్టేస్తే ఏం చేస్తాం నర్సక్కా?"

నర్సక్క నర్సు కాదు. క్లినిక్‌లో కుర్చీ పక్కన నిలబడి సామాను అందించే మనిషి. మామగారు డాక్టరుగా ఉన్నప్పటినుంచీ ఉంది కాబట్టి అందరి నోటా నర్సక్క అయిపోయింది.

"ఇలాంటివి ఈమధ్య ఇంకా వచ్చాయి కదమ్మా" అంది ఆమె. "మొన్న లారీ ఆయనది. అంతకుముందు పాటల టీచరుగారిది."

"అంత మొండికేస్తుంటే దాన్నెందుకే బతిమాలతావు, తీసెయ్" అంది అత్తగారు తెరిచిన నోటితోనే. కోడలు బ్రిడ్జి తీశాక దవడ సవరించుకుని, "ఒకపక్కనే నమిలీ నమిలీ నా మొహం వంకరపోయింది" అంది.

"మొహం బాగానే ఉందత్తయ్యా."

"నీకేం తెలుసు? ఈ కుర్చీలో కూర్చోబెట్టాక నా నోరు తప్ప మొహం ఎప్పుడు చూశావు?"

నర్సక్క నవ్వు ఆపుకుంటూ వెళ్ళి పళ్ళాయనకి ఫోన్ చేసింది. క్లినిక్‌లో పళ్ళ మీద ముద్ద అదిమి తీసిన అచ్చుల్లో ప్లాస్టర్ లాంటి పొడి కలిపి పోసి, ఆ పళ్ళ నమూనాలుగా మోడళ్ళు చేసి, వాటి మీద క్యాపులూ బ్రిడ్జీలూ తయారుచేసేది అతనే. తన ఇంటి ముందుగదే అతని ల్యాబు. అతను బండి మీద కాకుండా నడిచి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"బండేమైంది?"

"మా ఆవిడ తాళం దాచేసిందమ్మా. కళ్ళు ఆననివాడివి రోడ్డు మీద నీకెందుకంది." అతను తాడుతో మెడలో వేలాడేసుకున్న కొత్త కళ్ళద్దాలు ఎత్తి పెట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎప్పటిలాగే తెల్లటి పొడి. సంచిలోంచి మోడల్ తీసి దాని మీద బ్రిడ్జి పెట్టాడు. అది టక్కుమని కూర్చుంది. వేలితో కదిపితే కదల్లేదు.

"దీనిమీద బాగానే కూర్చుంటోంది చూడండమ్మా."

"మోడల్ అన్నం తినదు కదండీ. కూర్చోవలసింది నోట్లో." అన్నాక ఆమెకే ఆ మాట కటువుగా వినిపించింది. గొంతు తగ్గించింది కానీ మాట మార్చలేదు. "అచ్చు రెండుసార్లు తీశాను. అంచులు గీత గీసినట్టు వచ్చాయి. మీరు మోడల్ మీద పంటి అంచు చెక్కేటప్పుడు కత్తి లోపలికి పోతోందేమో. పన్ను కాస్త సన్నబడినా తొడుగు కూడా సన్నగానే వస్తుంది."

అతను మోడల్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళద్దాల్లోంచి చూశాడు. అద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు. మళ్ళీ కిందికి లాక్కుని చూశాడు.

"నాకు సరిగ్గానే కనిపిస్తోంది. కానీ కనిపించనివాడికి కూడా అలాగే అనిపిస్తుందేమో కదమ్మా."

ఆ మాట తనే అనాలని ఆమె కొన్నాళ్ళుగా అనుకుంటోంది. తనే అనాల్సిన అవసరం తప్పినందుకు లోపల కొంచెం తేలికపడింది కూడా.

"ఈ బ్రిడ్జి, మోడల్ నా దగ్గర ఉంచండి. పెద్ద ల్యాబు వాళ్ళకి చూపిస్తాను."

"అలాగేనమ్మా." బ్రిడ్జిని చొక్కా అంచుతో తుడిచి అందించాడు. "వాళ్ళకి మెషీన్లున్నాయి. మెషీన్లకి కళ్ళతో పని లేదు."

ఎత్తిపొడుపేమోనని అతని మొహంలోకి చూసింది. కాదు. నిజంగానే అంటున్నాడు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

వరండాలో మామగారు పేపరు చదువుతూ కూర్చున్నారు. చెయ్యి వణకడం మొదలయ్యాక క్లినిక్ కోడలికి అప్పగించి ఆయన ఆ కుర్చీకి మారారు. మామూలుగా అయితే పళ్ళాయన మెట్లెక్కుతుండగానే "రా రా, ఎవరి పళ్ళు రాలగొట్టొచ్చావు?" అని కేకేసేవారు. లోపలికి వినబడేలా "రెండు టీలు" అనేవారు. ఇవాళ పళ్ళాయన మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా పేపరు మొహానికి అడ్డంగానే ఉంది.

మర్నాడు పొద్దున్న కోడలు వంటింట్లో కాఫీ తాగుతూ నిలబడి ఉంది. అత్తగారు కలిపిన పిండి ముద్దని ఫ్రిజ్‌లో పెట్టడానికి ప్లాస్టిక్ డబ్బాలో కూరుతోంది. డబ్బా చిన్నది, ముద్ద పెద్దది. అరచేత్తో అదిమి అదిమి మొత్తం పట్టించింది. మూత పెట్టింది. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేచింది. ఆ పక్క నొక్కితే ఈ పక్క లేచింది.

"ఈ మూత వంకరపోయింది" అంది అత్తగారు. "వేడినీళ్ళతో కడగొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. పారేసి కొత్త మూత తేవాలి."

"మూత మాత్రమే ఎవరిస్తారు అత్తయ్యా?" అని నవ్వబోయి ఆగిపోయింది. డబ్బా వైపు చూసింది. పక్కగోడలు రెండూ బయటికి ఉబ్బి ఉన్నాయి.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి డబ్బా తన వైపుకి లాక్కుంది. చేతికి వచ్చినంత ముద్ద తీసి పళ్ళెంలో వేసింది. ఉబ్బిన గోడలు మెల్లగా లోపలికి వచ్చాయి. మూత పెట్టింది. టక్కుమని పడింది.

"మూత బాగానే ఉంది" అంది. "డబ్బా ఉబ్బింది."

"ఏదైతేనేం, పట్టింది కదా. ఆ కాఫీ తాగు, చల్లారిపోతోంది... ఏయ్, చెప్పులేసుకోకుండా ఎక్కడికే?"

ఆమె అప్పటికే ఇంటి ముందువైపున్న క్లినిక్‌లోకి వెళ్ళిపోయింది. అచ్చులు తీసే ట్రేల సొరుగు లాగింది. ఆకుపచ్చవీ, నీలంవీ, గుర్రపు నాడా ఆకారంలో, తేలికపాటి ప్లాస్టిక్ ట్రేలు. ఒకసారి వాడి పారేయవచ్చు. మామగారి స్టీలు ట్రేలయితే మరిగించాలి, తోమాలి. పైగా పళ్ళకి చల్లగా తగులుతున్నాయని పేషెంట్లు మొహం చిట్లించేవారు. "ఇవి మెత్తగా ఉంటాయి మేడమ్, ఎలాంటి నోటికైనా సర్దుకుపోతాయి" అన్నాడు వీటిని అమ్మడానికి వచ్చినతను. ఆ మాట ఆమెకి నచ్చింది.

ఒక ట్రే తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టి గోడలు బయటికి నెట్టింది. సర్దుకుపోయాయి. వేళ్ళు తీస్తే మళ్ళీ మొదటికి వచ్చాయి.

లారీ ఆయన దవడ గుర్తొచ్చింది. ఎంత విశాలమైన దవడ! ఉన్నవాటిలో పెద్ద ట్రేయే బిగుతుగా ఉంటే, అచ్చు ముద్ద నింపి గట్టిగా తోసింది. పాటల టీచరుగారికీ అంతే. అత్తగారికీ అంతే. గోడలు పక్కకి జరిగి చోటిచ్చాయి, ముద్ద గట్టిపడేదాకా అలాగే నిలిచాయి. నోట్లోంచి తియ్యగానే మళ్ళీ దగ్గరికొచ్చాయి. వాటితోపాటు ముద్దలోని పంటి గుంట కూడా నొక్కుకుపోయింది. అంచులు గీత గీసినట్టే ఉంటాయి. గుంట మాత్రమే వెంట్రుకవాసి సన్నబడుతుంది. కంటికి తెలిసే తేడా కాదు అది. చిన్న దవడ ఉన్నవాళ్ళకి ట్రే గోడ ఎక్కడా ఒరుసుకోదు. వాళ్ళ క్యాపులన్నీ చక్కగా కూర్చున్నాయి. ఒకటి బాగా రావడం, ఒకటి రాకపోవడం చూసి ఆమె పళ్ళాయన కళ్ళ మీద అనుమానపడింది.

"నర్సక్కా, మామయ్యగారి స్టీలు ట్రేలు ఎక్కడున్నాయి?"

"అటక మీద, బిస్కెట్ల డబ్బాలో. ఆయనే గుడ్డలో చుట్టి పెట్టారు కదమ్మా. మీరు కొత్తవి తెచ్చిన రోజున."

నర్సక్క స్టూలెక్కి డబ్బా దించింది. గుడ్డలో స్టీలు ట్రేలు వరుసగా ఉన్నాయి, చిన్నదాన్నుంచి పెద్దదాకా. కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టారు. అవి చల్లారేలోగా అత్తగారిని పిలుచుకొచ్చారు.

"మళ్ళీనా!" అంది ఆవిడ కుర్చీ ఎక్కుతూ. "మావాడు డాక్టర్ని చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో వైద్యం అని సంబరపడ్డాను. ఇదన్నమాట."

కోడలు మొదట ఒక స్టీలు ట్రేని ఉత్తదే నోట్లో పెట్టి చూసింది. వెనక పళ్ళకి గోడ ఒరుసుకుంటోంది. తీసేసింది. దాని తర్వాతిది పెట్టింది. పళ్ళకీ గోడకీ మధ్య చుట్టూ చోటుంది, బుగ్గని తొయ్యడం లేదు, చివరి పన్ను దాటి వెళ్ళింది. గోరుతో కొట్టింది. ఖంగుమంది. బొటనవేళ్ళతో గోడలు పక్కకి నెట్టింది. కదల్లేదు. వేళ్ళే ఎర్రబడ్డాయి.

ముద్ద కలిపి ట్రేలో నింపి, దవడ మీద మెల్లగా దించి పట్టుకుంది. గట్టిపడ్డాక తియ్యబోతే రాలేదు. బుగ్గ పక్కన వేలు దూర్చి గాలి పోనిచ్చి లాగింది.

"అమ్మో! దవడ ఊడొచ్చింది!" అంది అత్తగారు. "ఆ రంగు ట్రే నయం. వెన్నలా వచ్చేది."

"అవునత్తయ్యా. వంగుతుంది, అందుకే వెన్నలా వచ్చేది." నర్సక్క చేతికి అచ్చు ఇచ్చింది. "ఇంకొక్కటి. ఇది ఆ రంగు ట్రేతోనే."

"రెండూనా? నా నోరేమైనా ఎగ్జిబిషనా?" అంటూనే ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది.

వెనక గదిలో మామగారి పాత బల్ల ఉంది. రబ్బరు గిన్నెలో పొడీ నీళ్ళూ ఆమె తనే కలిపింది. బల్లకేసి తట్టి బుడగలు పోగొట్టి రెండు అచ్చుల్లోనూ తనే పోసింది. పొడి గట్టిపడుతుంటే వేడెక్కుతుంది. అరచెయ్యి దానిమీద పెట్టుకుని, మళ్ళీ చల్లబడేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత అచ్చుల్లోంచి రెండు మోడళ్ళూ ఊడదీసింది. ఏ కత్తీ తగలని మోడళ్ళు.

ప్లాస్టిక్ ట్రే మోడల్ మీద పళ్ళాయన బ్రిడ్జి పెట్టింది. టక్కుమని కూర్చుంది.

స్టీలు ట్రే మోడల్ మీద పెట్టింది. సగంలో ఆగింది. వెనక నొక్కితే ముందు లేచింది.

నర్సక్క బల్ల అంచు పట్టుకుని చూస్తోంది. "అంటే ఆయన చేసింది సరిగ్గానే చేశాడా?"

"నేనిచ్చినదానికి సరిగ్గా చేశాడు."

నర్సక్క గొంతు తగ్గించి అంది: "ఇకనుంచి స్టీలు ట్రేలు వాడదాం, అంతే కదమ్మా. ఆయనకెలాగూ కొత్త కళ్ళద్దాలొచ్చాయి. వాటివల్లే బాగైందనుకుంటాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

కోడలు తలెత్తి చూసింది. నర్సక్క అన్నదాంట్లో కల్లాకపటం లేదు, తన డాక్టరమ్మ తలొంచుకోకూడదనే.

సాయంత్రం వరండాలోకి వెళ్ళి మామగారి ముందు రెండు మోడళ్ళూ పెట్టింది. ఆయన చేతులు ఒళ్ళోనే ఉంచుకుని వంగి చూశారు. ఆమె బ్రిడ్జిని రెండిటి మీదా పెట్టి చూపించింది. ఆయనకి రెండోసారి చూపించాల్సిన పని రాలేదు.

"నేనే కదమ్మా వాణ్ణి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది" అన్నారు చివరికి. "రానన్నాడు. నా కళ్ళకేం రోగం అన్నాడు. నేనే రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. ఈ వయసుకి అందరికీ ఉండేదేనని ఆయనన్నా, అద్దాలు రాయించేదాకా వదల్లేదు."

"మీకెప్పుడూ అనుమానం రాలేదా మామయ్యా?"

"రాలేదు. నా చెయ్యి వణికింది. వాడి చూపు తగ్గిందంటే, సరే, ఇద్దరం ఒకే బండి ఎక్కామనుకున్నాను." ఒళ్ళో చేతుల్ని చూసుకున్నారు. "తోడు దొరికిందనుకున్నానేమో కూడా."

ఆమె నేలచూపులు చూసింది.

"ఏం చేస్తావు?"

"స్టీలు ట్రేతో మళ్ళీ అచ్చు తీసి పంపిస్తాను మామయ్యా. ముందు బ్రిడ్జి కూర్చోనివ్వండి."

ఆయన పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఓ మాట అన్నా బాగుండేది.

అచ్చు నర్సక్క తీసుకెళ్ళి ఇచ్చింది. దానితోపాటు చెప్పిపంపిన మాట ఏమీ లేదు. పూర్తిగా రుజువయ్యాక చెప్పడమే న్యాయం అని ఆమె తనకి తను చెప్పుకుంది. ఆ వారమంతా మామగారు క్లినిక్ వైపు రాలేదు.

బ్రిడ్జి తీసుకుని పళ్ళాయన తనే వచ్చాడు. గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆమె బ్రిడ్జిని అత్తగారి పళ్ళ మీద పెట్టి వదిలింది. నొక్కాల్సిన పని లేకుండా దానంతటది దిగింది. రంగు కాగితం పెట్టి కొరకమంది. అత్తగారు కొరికింది, అటూ ఇటూ దవడ ఆడించింది.

"నా పళ్ళలాగే ఉన్నాయే" అంది ఆశ్చర్యంగా.

పళ్ళాయన మొహం చూడలేనంతగా వెలిగింది. కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "అలవాటు పడేదాకా తికమక పెట్టాయమ్మా ఇవి. ఇప్పుడు కుదిరాయి. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని ప్రతి అంచూ భూతద్దంతో చూసి సరే అన్నాకే ముందుకి వెళ్ళాను."

నర్సక్క కోడలి వైపు చూసి చూపు తిప్పుకుంది. కోడలు చేతి తొడుగులు తీసి బుట్టలో వేసింది. ఇక్కడితో ఆగిపోవచ్చు. అందరూ సంతోషంగానే ఉన్నారు.

"పాటల టీచరుగారిది ఒకటుంది కదమ్మా" అన్నాడతను. "నా క్యాపు పట్టక మీరు ఆవిడ పన్నే ఇంకాస్త అరగదీయాల్సొచ్చింది. ఆవిడ ఎదురొస్తుంటే నేను సందులోకి తిరిగిపోతున్నాను. ఆవిణ్ణి, లారీ ఆయన్నీ పిలవండి. మళ్ళీ చేసిస్తాను. పాడుచేసినవాణ్ణి నేనే కదా."

ఆమె వెనక గదిలోకి వెళ్ళి రెండు మోడళ్ళూ, పాత బ్రిడ్జీ, స్టీలు ట్రే, ప్లాస్టిక్ ట్రే తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది.

"ఆ అద్దాలు తీసేసి చూడండి" అంది. "ఈ మోడళ్ళు నేను పోసినవి. వీటికి మీ కత్తి తగల్లేదు. ఇది స్టీలుది. ఇది ప్లాస్టిక్‌ది."

అతను బ్రిడ్జిని ఒకదాని మీద పెట్టాడు, రెండోదాని మీద పెట్టాడు. ప్లాస్టిక్ ట్రేని చేతిలోకి తీసుకుని గోడలు నెట్టి వదిలాడు. మళ్ళీ నెట్టి వదిలాడు.

"మీ కళ్ళకేమీ కాలేదు" అంది ఆమె. "ట్రే వంగింది. ఎంచుకున్నది నేను. పాడుచేసింది నేను."

గుమ్మంలో మామగారు ఎప్పుడొచ్చారో తెలీదు.

"ఎప్పుడు తెలిసిందమ్మా మీకు?" అని అడిగాడు పళ్ళాయన.

ఆమె ఎదురుచూడని ప్రశ్న అది. "ఈ కొత్త అచ్చు పంపకముందే."

అతను తలాడించాడు. ట్రేని బల్ల మీద బోర్లించాడు. "అప్పుడే చెప్పుంటే ఈ వారం నిద్రపోయేవాణ్ణి."

తప్పయిపోయిందని ఆమె అంది. ఆ మాట గదిలో చాలా చిన్నగా వినిపించింది.

"నాతో అంటే ఏం లాభం" అన్నాడు అతను. కోపంగా కాదు, ఆలోచిస్తున్నట్టుగా. "మా ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పండి. నేను చెబితే సాకనుకుంటుంది."

"పదండి" అన్నారు మామగారు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "నేనూ చెప్పాల్సింది ఉంది."

ల్యాబు గదిలో కిటికీ కింద పొడుగాటి బల్ల, దానిమీద మైనం కరిగించే చిన్న దీపం, కత్తులు. బల్ల ముందు రెండు స్టూళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద పిడి ఉన్న భూతద్దం. పళ్ళాయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ముగ్గుర్నీ చూసి కంగారుపడింది. "మళ్ళీ కూర్చోలేదా?"

కోడలు నిలబడే మొత్తం చెప్పింది. ట్రే సంగతి, కళ్ళ సంగతి, వారం ఆగిన సంగతి. మామగారు, "కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది నేను" అని మాత్రం అన్నారు.

"అయితే ఇన్నాళ్ళూ చూపున్నవాణ్ణే ఇంట్లో కూర్చోబెట్టానా నేను?" అంది ఆవిడ.

"మీరు కాదండీ. నేను."

ఆవిడ కోడలి వంక కాసేపు చూసింది. కూర్చోమనలేదు. లోపలికి వెళ్ళి వచ్చి, బండి తాళం గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. తర్వాత బల్ల ముందున్న రెండో స్టూలు ఎత్తుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. భూతద్దం కూడా.

"చూశావా, ఎంత గొప్ప చూపు నీది" అన్నారు మామగారు. "ఇంతమందిమి కలిసినా పాడుచెయ్యలేకపోయాం." పళ్ళాయన మొదటిసారి నవ్వాడు.

అతను మిగిలిన స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు మెడలోంచి తీసి, బల్ల మీద ఓ పక్కకి పెట్టాడు. సగంలో ఉన్న ఎవరిదో క్యాపు అందుకుని కిటికీ వైపు తిప్పాడు.

"లారీ ఆయనవీ, టీచరుగారివీ మళ్ళీ అచ్చులు తీసి పంపండి. స్టీలుతో."

"అలాగేనండీ" అంది ఆమె. "ఎందుకు తీస్తున్నానో వాళ్ళకి నేనే చెప్తాను."

అతను వినిపించుకున్నాడో లేదో. కత్తి మొన అంచు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆగాడు.

"కాస్త పక్కకి జరగండి డాక్టరమ్మా. వెలుతురుకి అడ్డొస్తున్నారు."

ఆమె జరిగింది.